బయటి చెవి

ద్వారం దగ్గర రత్నం మణికట్టు చాపింది. గోడలోంచి వచ్చిన చిన్న కొక్కెం ఆమె నిబ్బరపట్టీని విప్పి, పేరు రాసున్న అరలో పెట్టి, అర మూసేసింది.

పట్టీ తీశాక మొదటి కాసేపు ఎవరికీ ఇష్టం ఉండదు. తిమ్మిరెక్కిన కాల్లోకి రక్తం దిగినట్టు భయం ఒంట్లోకి దిగుతుంది. ముందు అరికాళ్ళు చల్లబడతాయి. ఆ తర్వాత, పట్టీ ఉన్నంతసేపూ ఓ పక్కన కూర్చోబెట్టిన సంగతులన్నీ ఒక్కొక్కటే లేచి వస్తాయి. పొయ్యి ఆర్పానా? పక్కింటి పిల్ల ఎందుకంత చిక్కిపోయింది? ఇవాళ మాత్రం అన్నిటికంటే ముందు నాన్న వచ్చాడు. రత్నం గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయింది.

"ఊపిరి తీసుకోవే," అంది వెనకనించి సుగుణ, తన పట్టీ విప్పించుకుంటూ. "ఇన్నేళ్ళయింది, ఈ గడప దాటడం నీకింకా రాలేదు."

"నీకొచ్చిందా అక్కా?"

"నాకా? ఇక్కడికి రాగానే మా ఆయన గుర్తొస్తాడు. అంతకంటే భయపెట్టేది లోపల ఏ పుస్తకంలోనూ లేదు. పద."

రత్నం నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. సుగుణ అది గమనించి, ఏమీ అడక్కుండా ఆమె వీపు మీద ఒక్కసారి చెయ్యి వేసి తన గూటి వైపు వెళ్ళిపోయింది.

పుస్తకాల్లోంచి భయాన్ని తీసేసి ఊళ్ళోకి పంపే పఠనశాంతి మండలిలో చదువరులకి ఎవరి గూడు వారిది. గోడలు దూదిపరుపులా మెత్తగా ఉంటాయి. తలుపు మూస్తే లోపలి మాట బయటికి పోదు, బయటి చప్పుడు లోపలికి రాదు. ఒక బల్ల, ఒక దీపం, బల్లకి కుడిపక్కన పోస్టు డబ్బా నోరంత సందు. రత్నం కూర్చుని ఎడమ ముంజేతికి రోమమానిని అంటించుకుంది. సాలెగూడంత పల్చటి పొర అది. చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే దానికి తెలుస్తుంది. దానికి తెలిస్తే చదునమ్మకి తెలుస్తుంది.

గూళ్ళన్నిట్లోంచీ పలికే మండలి యంత్రం చదునమ్మ. దాని అసలు పేరు వేరే ఉంది. ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. కథల్ని చదును చేసేది, పైగా తొందరన్నది ఎరగని ఆడగొంతు కాబట్టి చదువరులు అలా పిలుచుకుంటారు.

"శుభోదయం నూకరత్నం గారూ. నిన్న ఆపిన చోటినించి."

బల్లమీద పుస్తకానికి అట్ట లేదు. మొదటి పేజీలు చెదలు తిన్నాయి, అందుకే పేరూ లేదు, రాసినవాళ్ళ పేరూ లేదు. కూలగొట్టిన ఏదో గ్రంథాలయం అటక మీద దొరికిందట. మొత్తం భయం కథలు, ఉత్కంఠ కథలు. ఇంకో ప్రతి ఎక్కడా ఉన్నట్టు ఆచూకీ లేదు. రత్నం గొంతు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి మధ్యాహ్నం పూట బావి దగ్గర ఒంటరిగా బట్టలు ఉతుకుతోంది.

"'చేద లాగుతుంటే బరువుగా ఉంది. ఇంకా లాగింది. బావిలోంచి ఎవరో, ఆమెకి పుట్టింట్లో పెట్టుకున్న ముద్దుపేరుతో, నెమ్మదిగా లాగవే, నొప్పెడుతోంది, అన్నారు.'"

"ముల్లు," అంది చదునమ్మ.

రత్నం ముంజెయ్యి వైపు చూసుకుంది. నిజమే, వెంట్రుకలు ముళ్ళలా లేచి నిలబడ్డాయి. బల్ల తెర మీద ఆ వాక్యం కింద ఎర్రచుక్క పడింది, వెంటనే పక్కన కొత్త వాక్యం వచ్చింది. *చేద బరువుగా ఉంది. బావిలో నీళ్ళు బాగా ఊరాయి.*

"చదును చేయనా?"

"కానివ్వండి."

పుస్తకంలోంచి ఆ కాగితాన్ని చించి సందులో వెయ్యాలి. కింద ఎక్కడో గుజ్జు తొట్టి ఉంది. కాగితం పడ్డాక గుటక వేసినట్టు ఒక చప్పుడు వస్తుంది.

చదువరి ఒప్పుకుంటే తప్ప చదును జరగకూడదని మండలి పెట్టిననాడు ఎవరో మంచి మనిషి నిబంధన రాశాడట, ఆఖరి మాట మనిషిదే ఉండాలని. ఆ తర్వాత ఆ ప్రశ్న, గడపలోకి వచ్చిన చుట్టాన్ని 'కాళ్ళు కడుక్కుంటారా' అని అడిగినంత మామూలైపోయింది. కాదన్నవాళ్ళు ఎవరూ లేరు. రత్నం అసలు అనదు. కొత్తరేవులో వంతెన రోజు తెలియనివాళ్ళు లేరు. సముద్రం లేచి వస్తోందని ఎవరో అన్నారు, ఊరు ఊరంతా వంతెన మీదికి ఉరికింది. అల రాలేదు. జనం జనాన్నే తొక్కి చంపుకున్నారు. ఆ తర్వాతే ప్రతి చేతికీ పట్టీ వచ్చింది. గుండె అదిరే ముందే పట్టీ చల్లగా తగులుతుంది, చల్లదనం నెత్తురులోకి పాకుతుంది, మనిషి నిదానిస్తాడు. అప్పటికి రత్నం హైస్కూల్లో ఉంది. ఓలేటివారి ఇళ్ళలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషి తనే. పట్టా వచ్చిన రోజున వాళ్ళ నాన్న తాతారావు దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఒడ్డున ఉన్న పడవ పడవకీ తిరిగి చూపించాడు. ఆ చదువుకి తగ్గ పని చేస్తున్నానని, తను చించిన ప్రతి కాగితం ఎవరో ఒకర్ని వంతెన మీదినించి వెనక్కి లాగుతోందని, రత్నం మనస్ఫూర్తిగా నమ్మింది. నిన్నటిదాకా నమ్మింది.

మధ్యాహ్నం భోజనాల గదిలో సుగుణ తన డబ్బాలోంచి వంకాయ కూర తీసి రత్నం పళ్ళెంలో వేసింది. "ఇప్పుడు చెప్పు. మొహం అలా పెట్టుకున్నావేంటి?"

"మొన్న మా నాన్న వేటకెళ్ళాడక్కా."

"మూడో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారు కదే రేవులో?"

"ఎగరేసినా వెళ్ళాడు. నాన్నా, కొండలు మావయ్యా. ఏటి మొగ దాటగానే పడవ తిరగబడింది. ఇద్దరూ ఒకే పీపాని పట్టుకుని వేలాడారు." రత్నం ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోవడం లేదు. "నిన్న రాత్రి ఇంటికొచ్చి కూర్చుని, చేపల పులుసు పోసుకుని తింటూ చెప్పాడు. నవ్వుతా చెప్పాడు. 'నీల్లు ముక్కు దాకా వొచ్చినియ్యే. కొండలుగాడు నాకేసి సూసి నవ్వి, సెయ్యి వొదిలేసేడు' అన్నాడు."

సుగుణ చెయ్యి ఆగిపోయింది. "వదిలేశాడా? జారిపోయాడా?"

"వదిలేశాడు. నొప్పి పుట్టిందేమో, వదిలేశాడు. పట్టీ చల్లగా తగులుతుంటే, పట్టుకోవాలన్న తాపత్రయం ఎక్కణ్ణించొస్తుంది? ముప్పై ఏళ్ళు కలిసి వేటాడారక్కా వాళ్ళు. భయమెయ్యలేదా నాన్నా అని అడిగితే, 'ఏటో, సల్లగా హాయిగా ఉందే' అన్నాడు. శుక్రవారం మళ్ళీ వెళ్తాడట. వేరేవాళ్ళ పడవ మీద. ఏడ్చి చెబుదామంటే ఇంట్లో నా చేతికీ పట్టీ ఉందాయె. నేనూ 'సరే నాన్నా, జాగ్రత్త' అన్నాను. అన్నానక్కా! పొద్దున ఆ గడప దాటాకగానీ నేనేమన్నానో నాకు తెలీలేదు."

సుగుణ వంకాయ కూర డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

భోజనాలయ్యాక రత్నం సుగుణ నేర్పిన ఉపాయం వాడింది. ఉచ్చారణ తప్పకుండా ఉండటానికి చదువరి కథని ముందుగా మనసులో చదువుకోవచ్చని, అప్పటి జలదరింపు లెక్కలోకి రాదని నిబంధన ఉంది. ఎన్నిసార్లన్నది అందులో లేదు. ముందు ముగింపు చదివేసి, మళ్ళీ మళ్ళీ చదివి అరగదీస్తే, పైకి చదివేటప్పుడు వెంట్రుక కూడా కదలదు. చదునమ్మ 'నిరపాయం' అని ముద్ర కొట్టి కథని కథగా వదిలేస్తుంది. సుగుణ ఇలా ఎన్ని కథల్ని దాటించిందో ఎవరికీ చెప్పదు. "దొంగతనమేంటే," అంటుంది. "నేను భయపడాల్సిందేదో ముందే భయపడేసి వస్తున్నాను." రత్నం ఇన్నాళ్ళూ ఆ ఉపాయాన్ని తప్పనుకుని వాడలేదు. ఇవాళ ఆ పుస్తకంలో మిగిలిన కథలన్నిటికీ వాడింది. ఒకసారి విప్పిన పొడుపుకథకి రెండోసారి ఎవరు తల గోక్కుంటారు? హంతకుడెవరో తెలిశాక ఉత్కంఠ కథ చల్లారిన కాఫీ. అన్నీ దాటిపోయాయి.

సాయంత్రం మిగిలిన ఆఖరి కథ ఒక్కటీ దాటలేదు.

పెద్ద కథేం కాదు. గాలివానలో తడిసి ముద్దయి ఒక మనిషి ఇల్లు చేరతాడు. తలుపు కొడతాడు. లోపలినించి పెళ్ళాం ఎవరని అడుగుతుంది. నేనే అంటాడు. కాసేపు చప్పుడుండదు. అప్పుడు లోపలినించి, అతని గొంతే, మెల్లగా, ప్రేమగా ఆమెతో అంటుంది. 'తియ్యకు. నేనిక్కడే ఉన్నాగా.'

రత్నం దాన్ని ముందునించి చదివింది, వెనకనించి చదివింది. ముగింపు కంఠతా వచ్చేసింది. అయినా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, మెడ వెనక ఎవరో తడిచెయ్యి పెట్టినట్టు, రోమమాని కింద ఒక్కో వెంట్రుకా లేచి నిలబడేది.

పైకి చదివింది. "ముల్లు," అంది చదునమ్మ. తర్వాత, ఎప్పుడూ లేనిది, ఆగింది. "తేడా ఉంది నూకరత్నం గారూ. ఈ పేజీలో రక్తం లేదు. శవం లేదు. దయ్యం లేదు. నా అంచనా నిరపాయం. మీ చెయ్యి ఒప్పుకోవడం లేదు."

"నా చెయ్యి చెప్పిందే నిజమండీ."

"తేడా వస్తే బయటి చెవి కావాలి. చీటీ తీయనా, మీరే పేరు చెబుతారా?"

బయటి చెవి అంటే ఊళ్ళోని మనిషి. పిలిపించి, పట్టీ తీయించి, గూట్లో కూర్చోబెట్టి కథ వినిపిస్తారు. ఆ మనిషికీ ముళ్ళు లేస్తే కథ చదునైపోతుంది. లేవకపోతే చదువరి అలిసిపోయిందని లెక్క, సెలవు మీద పంపేస్తారు, ఆమె పట్టీ ఇక ఊడదు. ఎటు తిరిగినా చదువరికి ఒరిగేదేం లేదు. అందుకే ఎవరూ తేడా దాకా రానివ్వరు.

రత్నం రెండు చేతులూ బల్లకింద కలిపి పట్టుకుంది.

"ఓలేటి తాతారావు," అంది.

*

"నీకేమన్నా పిచ్చా?" సుగుణ నడవాలో ఆమె రెక్క పట్టుకుని గుసగుసగా అరిచింది. "ఆయనకి ముల్లు లేస్తే ఆ కథ గుజ్జులోకి పోద్ది. లేవకపోతే నువ్వు ఇంటికి పోతావ్. ఏం చేద్దామని?"

"ఒక్కసారి వింటాడుగా అక్కా."

"విని?"

"భయపడతాడు."

"పడి? సాయంత్రం గడప దగ్గర పట్టీ కట్టేస్తారు కదే!"

రత్నం చెయ్యి విడిపించుకుని అధికారి గది వైపు నడిచింది.

మండలి అధికారి వీరభద్రం మాత్రం అభ్యంతరం పెట్టలేదు. ఆయనది ఎవర్నీ కసిరే స్వభావం కాదు. పైగా అధికారులకి లోపల కూడా పట్టీ ఉంటుంది. "సొంత తండ్రి కాకూడదని ఎక్కడా రాసిలేదమ్మా," అన్నాడు నిబంధనలు ఒకసారి తిరగేసి. "రప్పించండి. ఎక్కువసేపు విప్పి ఉంచొద్దు, అంతే. అలవాటు లేని మనిషి."

మర్నాడు తాతారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకి నూనె రాసి దువ్వుకుని వచ్చాడు. కూతురి ఆఫీసు చూడటం అదే మొదలు. ద్వారం దగ్గర పట్టీ విప్పించుకుని గూట్లోకి వచ్చి, గోడని ఒకసారి వేలితో పొడిచి చూశాడు.

"ఏటే, ఇంత మెత్తగా ఉంది? పరుపులో కూకున్నట్టుంది. ఇందులో కూకుని సదవడానికా నీకు అంత సదువు?"

"కూర్చో నాన్నా."

కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికే కాళ్ళు కదపడం మొదలుపెట్టాడు. అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు. "ఏటో, ఒంట్లో బాలేదమ్మాయ్. కడుపులో తిప్పుతంది. పొద్దున తిన్న ఇడ్లీ పల్లేదేమో."

రత్నం తండ్రి మొహం వంక చూసింది. కళ్ళు అటూ ఇటూ వెతుకుతున్నాయి. అరికాళ్ళు నేలకి ఆనడం లేదు. ఆయన ఒంట్లో ఏముందో ఆమెకి తెలుసు. ఆయనకే దాని పేరు గుర్తులేదు.

"ఇడ్లీ కాదు నాన్నా. విను," అని, ఆయన ముంజేతికి రోమమాని అంటించి చదవడం మొదలుపెట్టింది.

మొదట్లో ఆయన వంతపాట పాడాడు. గాలివాన దగ్గర "ఆఁ, ఈశాన్యం గాలి" అన్నాడు. తడిసిన మనిషి గడప ఎక్కుతుంటే "ముందు గొంగలి పిండుకోరా" అని సలహా ఇచ్చాడు. తలుపు కొట్టాడు. ఎవరని అడిగింది. నేనే అన్నాడు.

రత్నం ఆగలేదు, గొంతు పెంచలేదు. ఉన్నది ఉన్నట్టు చదివింది.

"'తియ్యకు. నేనిక్కడే ఉన్నాగా.'"

"ముల్లు," అంది చదునమ్మ. "ముల్లు. ముల్లు. ముల్లు."

తాతారావు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. "ఆపవే," అన్నాడు. అంతలోనే, "ఆపకు. ఆపకు. ఆడు... బయటున్నోడు ఏటి సేత్తన్నాడు?"

"ఇంకా తలుపు కొడుతున్నాడు నాన్నా."

"కొండలుగాడే." ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా సన్నగా వచ్చింది. "అది మా కొండలుగాడేనే. బయటున్నాడు. లోన నేనున్నాను. ఆడు సెయ్యి వొదిలేత్తంటే నేను ఒరే అని కూడా అన్లేదే! ఒరే కొండలూ అంటే పట్టుకునేవోడు. ఎప్పుడన్నా నా మాట కాదన్నాడా ఆడు? సూత్తా కూకున్నాను. ఆడు నవ్వేడు, నేనూ నవ్వేను."

ఆయన ఒళ్ళంతా వణకడం మొదలెట్టింది. దవడలు టకటకమని కొట్టుకున్నాయి. రత్నం పుస్తకం పక్కన పెట్టి తండ్రి రెండు చేతులూ పట్టుకుంది. ఎముకలు తెలిసేంత గట్టిగా ఆయన తిరిగి పట్టుకున్నాడు. పీపా దొరికిన మనిషి పట్టు అది.

"నేనెల్నే," అన్నాడు. "సుక్రారం నేనెల్నే అమ్మా. ఆ నీల్లలోకి నన్ను పంపకు."

"పంపను నాన్నా."

"ఇదేటే? ఇదేటి నాకు?"

"భయం నాన్నా."

"ఇంతుంటదా!" అన్నాడాయన, ఆశ్చర్యపోతూ.

చదునమ్మ వాళ్ళు మాట్లాడటం అయ్యేదాకా మర్యాదగా ఆగింది. "బయటి చెవి నిర్ధారించింది. నా అంచనా సవరించుకున్నాను. కథ మొత్తం తొలగించాల్సి వస్తుంది. చదును చేయనా?"

తెర మీద కొత్త వాక్యం సిద్ధంగా ఉంది. *అతను తలుపు కొట్టాడు. ఆమె తీసింది. ఇద్దరూ భోంచేశారు.*

రత్నం నోటికి అలవాటైన మాట పెదాల దాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా తను చించిన కాగితాలన్నీ గుర్తొచ్చాయి. బావి దగ్గరి అమ్మాయి గుర్తొచ్చింది. పాపం దాన్ని కూడా నిన్నే వేసింది సందులో.

"వద్దు," అంది.

"క్షమించండి. చదును చేయనా?"

"వద్దండీ. అడిగారుగా. చెబుతున్నాను."

చదునమ్మ మూడోసారి అడగలేదు. జవాబు వస్తేగాని తర్వాతి ప్రశ్న అడగలేని యంత్రం అది, వచ్చిన జవాబేమో దానికి జవాబు కాదు. తెర మీద వాక్యం అలాగే నిలిచింది. ఈ గూటి తర్వాత అడగాల్సిన గూళ్ళన్నీ వరసగా ఆగిపోయాయి.

కాసేపట్లో వీరభద్రం వచ్చాడు. గుమ్మంలో నిలబడి, కుర్చీలో వణుకుతున్న పెద్దమనిషినీ, ఆయన చేతులు వదలని కూతుర్నీ చూశాడు. వెంట తెచ్చిన పట్టీ బల్ల మీద పెట్టాడు.

"ముందు నాన్నగారికి ఇది కట్టండమ్మా. బాధపడుతున్నారు."

"నాకొద్దు బాబూ," అన్నాడు తాతారావు చెయ్యి వెనక్కి దాచుకుని. "నాకు బాదే ఉండనీ. ఆ నీల్లు గురుతుండనీ."

"నూకరత్నం గారూ." ఆయన గొంతులో కోపం లేదు. ఉండదు కూడా. "ఇక్కడ మీకంటే నమ్మకంగా పనిచేసినవాళ్ళు నాకు తెలియదు. ఆ ఒక్క మాట అనెయ్యండి. అందరూ పనిలోకి పోతారు."

"అననండి."

"వంతెన మీద నేనున్నానమ్మా. మా ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాను. చెయ్యి మాత్రమే మిగిలింది నా దగ్గర." కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు చెప్పాడు. అది వింటుంటే రత్నానికి మళ్ళీ ఒళ్ళు జలదరించింది. "ఒక్క మనిషి భయపడితే ఏం కాదు. పదిమంది ఒకచోట భయపడితే పరుగెడతారు. పరుగెడితే తొక్కుతారు. అది నేను కళ్ళారా చూశాను. మీ కథ అబద్ధమే కావచ్చు, మీ నాన్నగారి భయం నిజమే కావచ్చు. కానీ దాన్ని ఊళ్ళోకి వదలలేం."

రత్నానికి ఎదురుచెప్పడం అలవాటు లేదు. పెద్దవాళ్ళ ముందు మాట తడబడుతుంది. ఇప్పుడూ తడబడింది. అయినా ఆపలేదు.

"మా నాన్నా మావయ్యా పరుగెత్తలేదండి. తొక్కలేదండి. ఇద్దరూ ఎంతో నిబ్బరంగా ఉన్నారండి. అందుకే మావయ్య పోయాడు." ఆమె పుస్తకం చేతిలోకి తీసుకుంది. "ఆ రోజు వంతెన మీద మీరు చూసింది ఎవరికి వాళ్ళు ఒంటరిగా భయపడటం. పక్కవాణ్ణి 'ఏంట్రా, నీక్కూడానా' అని ఒక్కరైనా అడిగారా? పదిమంది కలిసి భయపడటం మనమెవరం ఇంతవరకూ చూడనే లేదండి. ఈ గూళ్ళలో కూడా చూడనివ్వలేదు."

"ఎక్కడికమ్మా?" అన్నాడు వీరభద్రం, ఆమె గుమ్మం వైపు అడుగు వేస్తుంటే.

"నడవాలోకండి."

వీరభద్రం దారికి అడ్డంగా నిలబడలేదు. అడ్డం నిలవాలంటే ఏదో జరుగుతుందన్న బెదురు లోపల ఉండాలి. ఆయన మణికట్టు దగ్గర పట్టీ అప్పటికే చల్లబడుతున్నట్టుంది. ఆయన కళ్ళలో ఒక్క క్షణం ఏదో కదిలి ఆరిపోయింది. రత్నం తలుపు బార్లా తీసి నడవా మధ్యకి వచ్చింది. తాతారావు కూతురి పైటకొంగు పట్టుకుని వెనకే వచ్చి, నేలమీద చతికిలబడ్డాడు.

చదునమ్మ ఆగిపోవడంతో చదువరులు అప్పటికే గుమ్మాల్లోకి వచ్చి ఏమైందా అని చూస్తున్నారు. సుగుణ అందరికంటే ముందుంది. పట్టీలు లేని మనుషులే అందరూ. ఒకే కప్పు కింద రోజూ భయపడతారు, ఏనాడూ ఒకరి భయం ఒకరు చూడలేదు.

"ఏం చేస్తున్నావే?" అంది సుగుణ.

"కథ చదువుతున్నానక్కా. వింటారా?"

ఎవరూ వింటామనలేదు. ఎవరూ లోపలికీ పోలేదు. రత్నం మొదటి వాక్యం నించి మొదలుపెట్టింది. దూదిగోడలు లేని చోట ఆమె గొంతు ఎంత దూరం పోతుందో ఆమెకే కొత్తగా ఉంది. గాలివాన వచ్చింది. మనిషి తడిశాడు. గడప ఎక్కాడు. మూలగూటి ముసలి చదువరి ఒకాయన గోడ వదిలి రెండడుగులు దగ్గరికి జరిగాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. తలుపు కొట్టాడు. ఎవరంది. నేనే అన్నాడు.

"'తియ్యకు. నేనిక్కడే ఉన్నాగా.'"

ఎవరో "అమ్మో" అన్నారు. ఎవరో తన చెయ్యి తనే తడుముకున్నారు. కొత్తగా చేరిన పిల్ల ఒకతె సుగుణ చంకలోకి దూరిపోయింది. సుగుణ ఆ పిల్లని హత్తుకుని, "చూడవే నా చెయ్యి, ఈ వెంట్రుకలు చూడు," అంటూ ముంజెయ్యి చాపింది. ఆ పిల్ల చూసి తన చెయ్యి పక్కన పెట్టింది. ముసలాయన కూడా చాపాడు. "నాక్కూడానండోయ్!" అన్నాడు. ఏదో మహా ఆనందవార్త చెప్పినట్టు అన్నాడు. భయపడ్డ మొహాలతోనే నలుగురైదుగురు నవ్వారు. అంతా దగ్గర దగ్గరగా జరిగారు. తాతారావు భుజమ్మీద ఎవరిదో చెయ్యి పడింది. ఆయన అదెవరిదో చూడకుండానే దాన్ని పట్టుకున్నాడు.

వీరభద్రం మాత్రం ద్వారం వైపే చూస్తున్నాడు. ఏ క్షణాన ఉరుకుతారో అని అలవాటుగా చూస్తున్నాడు. ద్వారం ఖాళీగా ఉంది. జనమంతా ఇటే ఉన్నారు. ఆయన మెల్లగా తల తిప్పి, ఆనుకుని నిలబడ్డ ఆ భుజాల్ని, ఒకరి వేళ్ళలో ఒకరివి చిక్కుకున్న ఆ చేతుల్ని చూశాడు. వాళ్ళ మధ్య తనకి తెలియనిదేదో జరుగుతోందని మాత్రం ఆయనకి అర్థమైనట్టుంది. కుడిచెయ్యి ఎడమ మణికట్టు మీదికి పోయి, పట్టీ కొక్కెం మీద ఆగింది.

పైకప్పులోంచి గొంతు వచ్చింది. చదునమ్మ గొంతు కాదు, ఊరంతటికీ మాట్లాడే గొంతు. "గుమిగూడవద్దు. గుమిగూడవద్దు. ఎవరి గూటికి వారు వెళ్ళండి. ప్రమాదం లేదు. భయపడాల్సింది ఏమీ లేదు."

ఒక్కరూ కదల్లేదు.

రత్నం పేజీలో వేలు పెట్టుకుని, ఆ గొంతు ఆగేదాకా ఆగింది. ఆగాక, కథని మొదట్నించీ మళ్ళీ అందుకుంది, ఈసారి ఇంకాస్త గట్టిగా.